పేరు లేని విలువలు: స్టాక్ ఆధారిత భాషల రూపకల్పనపై ఒక పరిశీలన

3 4 + 5 * అని రాస్తే 35 వస్తుంది. బ్రాకెట్లు అక్కర్లేదు, కూడిక కన్నా గుణకారం ముందు చేయాలన్న నియమం కూడా అక్కర్లేదు. అంకె కనిపిస్తే కంచాల దొంతర మీద ఇంకో కంచం పెట్టినట్టు పైన పెడతాం. గుర్తు కనిపిస్తే పైనున్న రెండింటినీ తీసి, లెక్క చేసి, వచ్చినదాన్ని మళ్లీ పైన పెడతాం. ఆ దొంతరే స్టాక్. స్టాక్ ఆధారిత ప్రోగ్రామింగ్ భాషల పరిచయాలు దాదాపు అన్నీ ఇక్కడే మొదలవుతాయి, చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. గుర్తును చివర రాయడమే ఈ భాషల విశేషమన్న అభిప్రాయం చదివినవారిలో నిలిచిపోతుంది.

గుర్తు ఎక్కడ రాశామన్నది పైపై సంగతని నా అభిప్రాయం. ఈ భాషల అసలు నిర్ణయం వేరే ఉంది: విలువలకు పేర్లు పెట్టకపోవడం. మిగతా భాషల్లో ప్రతి విలువా ఏదో ఒక పేరుతో తిరుగుతుంది. ఇక్కడ విలువకు ఉన్న గుర్తింపు అది స్టాక్‌లో ఎన్నో స్థానంలో ఉందన్నదే. ఈ ఒక్క నిర్ణయం వల్ల ఏం దక్కింది, ఏం పోయింది, తరవాతి రూపకర్తలు ఏం మార్చుకున్నారు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఇందుకు మూడు రకాల ఆధారాలు తీసుకున్నాను. ఒకటి, చిన్న ప్రోగ్రామును చేత్తో నడిపి చూసి తీసిన లెక్క. రెండు, ప్రచురితమైన కొలతలు. మూడు, గత అరవై ఏళ్లలో ఒకరి తరవాత ఒకరు రూపకర్తలు చేసుకున్న ఎంపికలు. మూడింటి బరువూ ఒకటి కాదు. చేత్తో చేసిన లెక్క పూర్తిగా సరిచూసుకోదగ్గది, కానీ ఒక్క ఉదాహరణకే పరిమితం. రూపకర్తల ఎంపికలు ఎన్నో భాషలకు సంబంధించినవి, కానీ ప్రతి ఎంపిక వెనకా వేరే కారణాలు కూడా ఉండే అవకాశం ఉంది. ఏ ముక్క ఎంతవరకు నమ్మదగ్గదో ఎక్కడికక్కడే చెబుతూ వెళ్తాను.

దొంతర ఎక్కడి నుంచి వచ్చింది

బ్రాకెట్లు లేని రాతపద్ధతి కంప్యూటర్ల కన్నా పాతది. పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ లుకాసేవిచ్ 1924లో గుర్తును ముందు రాసే పద్ధతిని రూపొందించారు. దాన్ని తిరగేసి గుర్తును చివర రాయడం, ఆ రాతను స్టాక్‌తో నడిపించడం 1950ల నాటి పని. 1957లో మ్యూనిక్‌లో ఫ్రీడ్రిష్ బావర్, క్లాస్ జామెల్సన్ స్టాక్ సూత్రం మీద పేటెంటుకు దరఖాస్తు చేశారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో చార్ల్స్ హాంబ్లిన్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు దాదాపు ఇదే ఆలోచనను ఒక సదస్సులో వినిపించారు. 1960ల తొలినాళ్లకు ఈ ఆలోచన యంత్రాల్లోకి వచ్చేసింది: అమెరికాలో బరోస్ బీ5000, బ్రిటన్‌లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కేడీఎఫ్9. 1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ తెచ్చిన హెచ్‌పీ-35 కాలిక్యులేటర్‌తో నాలుగు అంతస్తుల స్టాక్ ఇంజనీర్ల జేబుల్లోకి కూడా చేరింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. స్టాక్ మీద నడిచే యంత్రం వేరు, స్టాక్‌ను మనిషి నేరుగా చూస్తూ రాసే భాష వేరు. బీ5000 మీద జనం రాసింది ఆల్గాల్‌లో. జావా కింద ఉన్న ఊహాయంత్రం స్టాక్ యంత్రమే అయినా, జావా రాసేవారికి ఆ స్టాక్ ఎన్నడూ కనిపించదు. మనిషి కంటికి కనిపించే స్టాక్‌తో విస్తృతంగా వాడుకలోకి వచ్చిన తొలి భాష ఫోర్త్. 

చార్ల్స్ మూర్ దాన్ని 1960ల పొడవునా తన సొంత పనిముట్టుగా కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చారు. నాలుగో తరం కంప్యూటర్లకు తగిన భాష అన్న ఉద్దేశంతో ఆంగ్లంలో ‘నాలుగోది’ అని పేరు పెట్టాలనుకున్నారు. ఆయన వాడిన ఐబీఎం 1130లో ఫైలు పేరుకు అయిదు అక్షరాలే అనుమతి కాబట్టి ఆ పేరులో ఒక అక్షరం రాలిపోయింది. 1970ల తొలినాళ్లలో అరిజోనాలోని కిట్ పీక్ మీద ఉన్న రేడియో టెలిస్కోపును నడపడానికి ఈ భాషను వాడారు. అక్కడ మూర్‌తో కలిసి పనిచేసిన ఎలిజబెత్ రాథర్ ప్రపంచంలో రెండో ఫోర్త్ ప్రోగ్రామర్. చిన్న కంప్యూటర్, కొద్దిపాటి మెమరీ, పరికరం ఎదురుగా ఉండగానే ఒక్కో ఆజ్ఞనూ టైపు చేసి ఫలితం చూసుకోవాల్సిన అవసరం — ఫోర్త్ రూపం ఈ పరిస్థితుల్లో తయారైంది. దాన్ని ఈనాటి ప్రమాణాలతో తూచేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

పక్కపక్కన పెడితే చాలు

ఫోర్త్‌లో ప్రోగ్రాము అంటే ఖాళీలతో విడదీసిన పదాల వరస. కంపైలర్ ఒక పదం తీసుకుంటుంది, తన నిఘంటువులో వెతుకుతుంది. దొరికితే ఆ పని చేస్తుంది, దొరక్కపోతే అంకెగా చదివి చూస్తుంది. కొత్త పదం చేర్చాలంటే ఇలా రాస్తాం:

: వర్గం డప్ * ;

డప్ అంటే పైనున్న విలువకు ఇంకో ప్రతి తీయడం. ఇక మీదట 7 వర్గం అంటే 49. ఖాళీ వస్తే పదం అయిపోయినట్టు అన్నది తప్ప పదంలో ఏ అక్షరాలు ఉండాలన్న నియమం లేదు కాబట్టి, యూనికోడ్‌ను సమర్థించే జీఫోర్త్ లాంటి అమలులో ‘వర్గం’ అన్న తెలుగు పేరు ఏ మార్పూ లేకుండా పనిచేస్తుంది. పాత అమలుల్లో పేరుకు 31 బైట్లే దక్కేవి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాలకు, గుణింతపు గుర్తులకు ఒక్కోదానికి మూడేసి బైట్లు పోతాయి కాబట్టి ఆ పరిమితిలో తెలుగు పేరు పదింటితోనే ఆగిపోతుంది.

ఈ పదాల వరసలో ఎంత గణితం దాగి ఉందో బయటపెట్టింది మూర్ కాదు, మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మాన్‌ఫ్రెడ్ ఫాన్ టూన్. ఆయన జాయ్ అనే భాషను రూపొందించి ఒక సూటి విషయం చెప్పారు. ప్రతి పదమూ ఒక ఫంక్షన్; దానికి ఇచ్చేది ఒక స్టాక్, అది తిరిగి ఇచ్చేది మరో స్టాక్. అలాంటప్పుడు రెండు ప్రోగ్రాములను పక్కపక్కన రాయడమంటే రెండు ఫంక్షన్లను ఒకదాని వెంట ఒకటి నడపడమే. ఖాళీ ప్రోగ్రాము అంటే స్టాక్‌ను ఉన్నది ఉన్నట్టు వదిలేసే ఫంక్షన్. మూడు ముక్కలను కలిపేటప్పుడు ముందు ఏ రెండింటిని కలిపినా ఫలితం ఒకటే. ఈ గుణం ఉన్న భాషలకే కాంకాటినేటివ్ భాషలన్న పేరు స్థిరపడింది. చలరాశులు లేకుండా ప్రోగ్రాములను బీజగణితంలా మార్చుకోవచ్చన్న ఆలోచనను జాన్ బాకస్ 1977 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలోనే ముందుకు తెచ్చారు. జాయ్ ఆ దారిలోనిదే.

దీని వల్ల దక్కే లాభం నిజమైనది, పెద్దది. మామూలు భాషలో పొడుగైపోయిన ఫంక్షన్ నుంచి కొంత భాగాన్ని విడదీయాలంటే ముందు అందులో వాడిన చలరాశులు ఏవి, వాటిలో ఏవి బయటివి, ఏవి లోపలివి, ఏవి తిరిగి పంపాలి అని లెక్క చూసుకోవాలి. కాంకాటినేటివ్ భాషలో వరసగా ఉన్న ఏ నాలుగు పదాలనైనా కత్తిరించి, దానికో పేరు పెట్టి, పాత చోట ఆ పేరు రాస్తే సరి. ఇంకేమీ మారదు. లియో బ్రోడీ 1984లో రాసిన ‘థింకింగ్ ఫోర్త్’ పుస్తకం చాలావరకు ఈ కత్తిరింపు కళ గురించే. ఒక్కో నిర్వచనం ఒకటి రెండు వరసలకు మించకుండా రాసే ఫోర్త్ వారి అలవాటుకు మూలం కూడా ఇదే. ఇంత చవకగా కోడ్‌ను విడదీయనిచ్చే భాషలు అరుదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

తొమ్మిది పదాల లెక్క

ఇక ఖర్చు వైపు చూద్దాం. ఎక్స్ వర్గాన్ని ‘ఏ’తో, ఎక్స్‌ను ‘బీ’తో గుణించి, ఆ రెండింటి మొత్తానికి ‘సీ’ కలపాలి. హైస్కూలు వర్గ సమాసం. గుణకారాలు తగ్గేలా దాన్ని ఇలా చేస్తాం: ‘ఏ’ను ఎక్స్‌తో గుణించి ‘బీ’ కలిపి, వచ్చినదాన్ని మళ్లీ ఎక్స్‌తో గుణించి ‘సీ’ కలపడం. స్టాక్ మీద ఏ, బీ, సీ, ఎక్స్ అదే వరసలో ఉన్నాయనుకుంటే ఫోర్త్‌లో ఇలా రాయవచ్చు:

>ఆర్ స్వాప్ రాట్ ఆర్@ * + ఆర్> * +

>ఆర్ అంటే పైనున్న విలువను తీసి రిటర్న్ స్టాక్ అనే రెండో స్టాక్ మీద దాచడం, ఆర్@ అంటే దాని ప్రతి తెచ్చుకోవడం, ఆర్> అంటే వెనక్కి తీసేసుకోవడం. స్వాప్ పై రెండింటిని తారుమారు చేస్తుంది. రాట్ మూడో దాన్ని పైకి తెస్తుంది. 2, 3, 4, 5తో నడిపి చూద్దాం. 5ను పక్కన దాచాక మిగిలేవి 2 3 4. స్వాప్ తరవాత 2 4 3, రాట్ తరవాత 4 3 2. ఆర్@తో 4 3 2 5 అవుతుంది, గుణిస్తే 4 3 10, కూడితే 4 13. ఆర్>తో 4 13 5, గుణిస్తే 4 65, కూడితే 69. లెక్క సరిపోయింది.

మొత్తం తొమ్మిది పదాల్లో లెక్క చేసేవి నాలుగు. మిగతా అయిదూ విలువల స్థానాలు సర్దడానికే. సమస్యకు సంబంధించిన సమాచారం ఆ అయిదింటిలో ఏమీ లేదు.

ఇదే పనిని ఇన్‌పుట్ వరస మార్చి చేసి చూద్దాం. స్టాక్ మీద సీ, బీ, ఏ, ఎక్స్ ఉంటే ఇది చాలు:

డప్ >ఆర్ * + ఆర్> * +

ఇప్పుడు ఏడు పదాలు, సర్దుబాటుకు మూడే. భాష మారలేదు, లెక్క మారలేదు. విలువలు ఏ వరసలో రావాలన్న నిర్ణయం ఒక్కటే మారింది. ఫోర్త్‌లో చెయ్యి తిరిగినవారు సర్దుబాటు పదాలు ఎక్కువయ్యాయంటే లోపల కోడ్ దిద్దరు, ముందు ఇన్‌పుట్ వరసను ప్రశ్నిస్తారు. మంచి అలవాటే. కాకపోతే ఈ పదాన్ని పిలిచే చోట విలువలు సీ, బీ, ఏ వరసలో దొరుకుతాయన్న హామీ లేదు. దొరక్కపోతే ఇక్కడ మిగిలిన సర్దుబాటు అక్కడ తేలుతుంది.

మూడో రూపం, పేర్లతో. ఫోర్త్‌లో ఇన్‌పుట్‌లకు స్థానిక పేర్లు పెట్టుకునే సదుపాయం ఉంది. అప్పుడు నిర్వచనం ఇలా ఉంటుంది:

ఏ ఎక్స్ * బీ + ఎక్స్ * సీ +

ఇందులో పదాలు తొమ్మిది. నాలుగు లెక్కవి, అయిదు పేర్లు. మొదటి రూపంలోని అయిదు సర్దుబాట్ల స్థానంలో సరిగ్గా అయిదు పేర్లు వచ్చి కూర్చున్నాయి, పైగా మొదట్లో పేర్ల ప్రకటన ఒకటి అదనం. కాబట్టి పేర్లు పెడితే కోడ్ పొట్టిదవుతుందన్న వాదన ఈ ఉదాహరణలో నిలవదు. తేడా చదవడంలో ఉంది. మూడో రూపంలో ఏడో పదం దగ్గర వేలు పెట్టి ‘ఇక్కడ దేనితో గుణిస్తున్నాం’ అని అడిగితే పక్కనే ఉన్న ఎక్స్ జవాబిస్తుంది. మొదటి రూపంలో జవాబు కావాలంటే మొదటి పదం నుంచి స్టాక్‌ను మనసులో నడుపుకుంటూ రావాలి.

మనిషి మనసులో ఒకేసారి ఎన్ని అంశాలు నిలుపుకోగలడన్న దానిపై జార్జ్ మిల్లర్ 1956లో ఏడుకు అటూ ఇటూ అన్నారు; నెల్సన్ కోవన్ 2001లో ఆ సంఖ్యను నాలుగు దగ్గరికి దించారు. స్టాక్ లోతు నాలుగు దాటితే కోడ్ కష్టమవుతుందనడానికి వీటిని చూపించాలన్న కోరిక సహజం. కానీ ఆ ప్రయోగాలు అంకెలు, అక్షరాలు, రంగుల జ్ఞాపకం మీద జరిగాయి, కోడ్ చదివేవారి మీద కాదు. నాలుగు విలువల దగ్గరే మన ఉదాహరణ ఇబ్బంది పెట్టడం ఆ సంఖ్యతో పొసగుతుంది, అంతే. దాన్ని రుజువుగా నేను తీసుకోను.

కత్తిరింపు ఎక్కడ తెగుతుంది

మొదటి రూపంలో ఇంకో సంగతి ఉంది. ఏ వరస పదాలనైనా కత్తిరించి పేరు పెట్టవచ్చని పైన చెప్పాను. మరి అందులోంచి ‘ఆర్@ * +’ను కత్తిరించి కొత్త పదంగా చేస్తే? పనిచేయదు. ఫోర్త్ అమలుల్లో సాధారణంగా ఒక పదాన్ని పిలిచినప్పుడు ఎక్కడికి తిరిగి రావాలన్న చిరునామా కూడా అదే రిటర్న్ స్టాక్ మీదకు చేరుతుంది. కొత్త పదం లోపల ఆర్@ తెచ్చేది మనం దాచిన 5ను కాదు, ఆ చిరునామాను. అంటే ఫోర్త్ తన అత్యుత్తమ గుణాన్ని రిటర్న్ స్టాక్ దగ్గర వదులుకుంది. వేగం కోసం, మెమరీ కోసం చేసుకున్న రాజీ అది. కిట్ పీక్ కాలంలో సబబైనదే కావచ్చు.

జాయ్ ఈ చిక్కును మొదట్లోనే తప్పించింది. అక్కడ చదరపు బ్రాకెట్లలో రాసిన కోడ్ వెంటనే నడవదు. ఒక విలువలా స్టాక్ మీదకు వెళ్తుంది. డిప్ అనే పదం ఆ కోడ్‌ను తీసుకుని, దాని కింద ఉన్న విలువను కాసేపు పక్కన పెట్టి, కోడ్‌ను నడిపి, ఆ విలువను మళ్లీ పైన పెడుతుంది. స్టాక్ మీద 2 3 4 5 ఉండగా [స్వాప్] డిప్ అంటే 2 4 3 5 వస్తుంది. దాచడం, తిరిగి తీయడం రెండూ ఒకే పదం లోపల జరిగిపోతాయి కాబట్టి వాటి మధ్యలో కత్తి పడే అవకాశమే లేదు. షరతులు, లూపులు, పునరావృతాలు కూడా జాయ్‌లో ఇలాంటి పదాలతోనే నడుస్తాయి. నా దృష్టిలో ఈ భాషల చరిత్రలో అతి ముఖ్యమైన దిద్దుబాటు ఇదే. స్టాక్‌ను సర్దే పనిని చిన్న చిన్న కదలికలుగా రాసే బదులు, ‘ఈ విలువను కదల్చకుండా దాని కింద ఈ పని చెయ్యి’ అని ఉద్దేశాన్ని చెప్పే వీలు దానితో వచ్చింది.

ఎన్ని తీసుకుంటుంది, ఎన్ని ఇస్తుంది

ఫోర్త్ ప్రోగ్రామర్లు ప్రతి నిర్వచనం పక్కనా ఒక వ్యాఖ్య రాస్తారు: ఈ పదం స్టాక్ నుంచి ఏమేం తీసుకుంటుంది, ఏమేం పెడుతుంది అని. దాన్ని స్టాక్ ఎఫెక్ట్ అంటారు. మామూలు ఫోర్త్ దృష్టిలో అది వ్యాఖ్యే. కంపైలర్ దాన్ని చదవదు. రెండు తీసుకుంటానని రాసి మూడు తీసుకున్నా అభ్యంతరపెట్టదు. తప్పు జరిగిన చోట కాకుండా ఎక్కడో దూరంగా స్టాక్ ఖాళీ అయినప్పుడు బయటపడుతుంది.

ఫోర్త్‌లోనే ?డప్ అనే పదం ఉంది. పైనున్న విలువ సున్నా కాకపోతే ప్రతి తీస్తుంది, సున్నా అయితే తీయదు. షరతు ముందు రాసుకోవడానికి అనువుగా ఉంటుంది. కానీ అది నడిచాక స్టాక్ మీద ఎన్ని విలువలున్నాయో కోడ్ చూసి చెప్పలేం, నడిపి చూడాల్సిందే. ఇలాంటి ఒక్క పదం చాలు, దాన్ని వాడిన ప్రతి చోటా లెక్క తప్పడానికి.

ఈ విషయంలో తరవాత వచ్చిన వ్యవస్థలు దాదాపు ఒకే మాట మీద నిలిచాయి. జావా ఊహాయంత్రంలో రెండు దారులు కలిసే చోట, ఏ దారిలో వచ్చినా స్టాక్ లోతు ఒకటే ఉండాలి. లేకపోతే ఆ కోడ్ నడవడానికే అనుమతి లేదు. బ్రౌజర్లలో నడిచే వెబ్‌అసెంబ్లీ కూడా అంతే. దాని కోడ్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి చదివి సరిచూసేలా నియమాలు పెట్టారు. స్లావా పెస్తోవ్ 2003లో మొదలుపెట్టిన ఫ్యాక్టర్ భాషలో స్టాక్ ఎఫెక్ట్ రాయడం తప్పనిసరి, కంపైలర్ దాన్ని సరిచూస్తుంది కూడా. షరతులోని రెండు కొమ్మల లెక్కా కుదరకపోతే ఒప్పుకోదు. క్రిస్టఫర్ డిగిన్స్ క్యాట్ అనే భాషలో ఇంకో అడుగు వేసి, ఎన్ని విలువలన్నదే కాక ఏ రకం విలువలన్నది కూడా కంపైలర్ చేత కనిపెట్టించారు. ‘పైన రెండు అంకెలు, కింద ఏమున్నా సరే’ అని టైపుగా రాయగలిగితే ఆ ‘కింద ఏమున్నా’ అన్న దానికి ఒక చలరాశి పెట్టి లెక్క నడిపించవచ్చు.

ఒకరితో ఒకరికి పెద్దగా సంబంధం లేని ఇన్ని బృందాలు ఒకే చోటికి చేరడం బలమైన సూచన. అయితే జావా, వెబ్‌అసెంబ్లీ నియమాలకు భద్రత కూడా ప్రధాన కారణం. ఎక్కడి నుంచో వచ్చిన కోడ్‌ను నమ్మకుండా నడపాలి కాబట్టి వాటికి ఆ తనిఖీ అవసరమైంది. మనిషి చదువుకోవడానికి మేలన్న కారణంతో ఆ నియమం పెట్టింది ఫ్యాక్టర్, క్యాట్ లాంటివి మాత్రమే. ఈ తేడా గుర్తుంచుకుని చూసినా, తనిఖీ లేని స్టాక్ ఎఫెక్ట్‌ను సమర్థించే ఆధారం నాకు కనిపించలేదు.

38,088లో 310

పేర్లు నిజంగా ఎంత అవసరం? దీనిపై దొరికే సూటి కొలతల్లో ఒకటి ఫ్యాక్టర్ నుంచే వచ్చింది. స్లావా పెస్తోవ్, డేనియల్ ఎరెన్‌బర్గ్, జో గ్రోఫ్ 2010లో ప్రచురించిన పరిశోధన పత్రంలో తమ భాష సొంత కోడ్‌ను లెక్కపెట్టి చెప్పారు. భాష, దాని అభివృద్ధి పరిసరం కలిపి 38,088 నిర్వచనాలు ఉంటే, పేర్లు పెట్టిన ఇన్‌పుట్‌లతో రాసినవి 310. అంటే నూటికి ఒకటి కూడా లేదు. పేర్లు పెట్టుకునే సదుపాయం భాషలో ఉండగానే ఈ సంఖ్య వచ్చింది. తప్పనిసరై మానేయలేదు, అక్కర్లేక మానేశారు.

ఈ అంకెను గౌరవించాలి. పేర్లు లేకుండా పెద్ద ప్రోగ్రాములు రాయలేమన్న మాటను ఇది కొట్టిపారేస్తుంది. కంపైలర్, ఎడిటర్, వెబ్ సర్వర్ వంటివన్నీ ఆ కోడ్‌లో ఉన్నాయి. అలాగని పేర్లు అక్కర్లేదని కూడా దీన్నుంచి తేల్చలేం. ఆ కోడ్ రాసినవారు ఈ పద్ధతిని ఇష్టపడి వచ్చినవారు. ఇబ్బంది పడినవారు ఈ భాషకే వచ్చి ఉండరు. లెక్కకు తీసుకున్నది నిర్వచనాల సంఖ్యను, వాటి పొడవును కాదు. పేర్లు వాడిన 310 మిగతావాటి కన్నా చిక్కైనవి అయ్యే అవకాశం ఉంది. అన్నిటికీ మించి, ఫ్యాక్టర్‌లో డిప్ లాంటి పదాలు ఒక కుటుంబమే ఉంది. ఒకే విలువ మీద రెండు పనులు చేయించడానికి ఒకటి, రెండు విలువల మీద ఒకే పని చేయించడానికి ఒకటి, ఇలా. పేర్లు చేయాల్సిన పనిని అవే చేస్తున్నాయి. కాబట్టి ఈ కొలత పేర్ల అవసరం తక్కువని కాక, తగిన పదాలుంటే పేర్ల అవసరం తక్కువని చెబుతోందని నా పఠనం.

ఎదుటి వైపు ఆధారాలు కూడా చూడాలి. ఫోర్త్ ప్రామాణిక సంఘం 1994 ప్రమాణంలోనే స్థానిక పేర్లను ఐచ్ఛికంగా చేర్చింది. అందులో పేర్లను స్టాక్ వరసకు తిరగేసి రాయాల్సి రావడంతో అది జనానికి నచ్చలేదు. 2012 ప్రమాణంలో సరైన వరసతో కొత్త రూపం తెచ్చారు. వెబ్‌అసెంబ్లీ మరీ దూరం వెళ్లింది. అది స్టాక్ యంత్రమే అయినా డప్, స్వాప్ రెండూ అందులో లేవు. విలువను రెండోసారి వాడాలంటే స్థానిక చలరాశిలో పెట్టుకోవాల్సిందే. ఎథీరియం ఊహాయంత్రం దీనికి తలకిందులు: స్టాక్ 1,024 అంతస్తుల లోతు ఉన్నా, కోడ్ చేయి చాపి ప్రతి తీసుకోగలిగింది పైనున్న పదహారింటి వరకే. ఆ యంత్రం కోసం సాలిడిటీ భాషలో కాంట్రాక్టులు రాసేవారికి ‘స్టాక్ మరీ లోతుగా ఉంది’ అన్న కంపైలర్ దోషం పరిచితమే. ఫంక్షన్‌లో చలరాశులు పెరిగినప్పుడు వస్తుంది. పేర్లున్న భాష నుంచి స్థానాలు మాత్రమే ఉన్న యంత్రానికి దిగేటప్పుడు పడే ఇరుకు అది.

క్రియ చివర వచ్చే భాషల సంగతి

తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఈ భాషలు మనకు సహజంగా అనిపిస్తాయా అన్న ప్రశ్న రావడం సబబే. ‘5కు 3 కలిపి, వచ్చినదాన్ని 2తో గుణించు’ అనే వాక్యాన్ని ముక్కకు ముక్కగా 5 3 + 2 * అని రాసేయవచ్చు. మనలాగే క్రియను చివర ఉంచే జపనీస్‌లో ఈ ప్రయత్నం జరిగింది కూడా. 1985లో వచ్చిన మైండ్ అనే భాష ఫోర్త్ పునాది మీద కట్టిన జపనీస్ ప్రోగ్రామింగ్ భాష. చదివితే మామూలు జపనీస్ వాక్యంలా ఉంటుంది.

అయినా పోలికను జాగ్రత్తగా తీసుకోవాలి. తెలుగు వాక్యంలో ‘2తో 5ను భాగించు’ అన్నా ‘5ను 2తో భాగించు’ అన్నా అర్థం ఒకటే. ఏది దేన్ని భాగిస్తుందో చెప్పేవి విభక్తులు, స్థానం కాదు. స్టాక్ భాషలో విభక్తి లేదు. 5 2 / వేరు, 2 5 / వేరు. పదక్రమం కుదిరినంత మాత్రాన ఈ లోటు తీరదు. మన వాక్యంలో విభక్తి చేసే పని, ప్రోగ్రాములో పేరు చేసే పని ఇక్కడ దగ్గరి చుట్టాలు: రెండూ విలువకు దాని పాత్రను అంటిపెడతాయి. మైండ్‌లో విభక్తుల్లాంటి ప్రత్యయాలు రాస్తారు గానీ అవి చదివేవారి కోసమే. యంత్రం స్థానాన్నే నమ్ముతుంది. తెలుగులో ఇలాంటి భాష కట్టాలనుకునేవారు ఎవరైనా ఉంటే, విభక్తులను అలంకారంగా కాక కంపైలర్ సరిచూసే గుర్తులుగా వాడి చూడమని నా సూచన. పాత్రను చెప్పే పని, వరసను సర్దే పని విడిపోతే స్వాప్‌ల సంఖ్య తగ్గాలి. తగ్గుతుందో లేదో కట్టి చూస్తేనే తెలుస్తుంది.

వేగం గురించి కొద్దిగా

స్టాక్ కోడ్ చిన్నదిగా ఉంటుంది, విలువలను స్టాక్ మీద కాక రిజిస్టర్లనే స్థిరమైన గదుల్లో ఉంచే రిజిస్టర్ కోడ్ వేగంగా నడుస్తుంది అన్న పాత వాదానికి మంచి కొలత ఉంది. యున్‌హే షి, డేవిడ్ గ్రెగ్, ఆండ్రూ బీటీ, ఆంటన్ ఎర్ట్ల్ 2005లో జావా స్టాక్ కోడ్‌ను రిజిస్టర్ కోడ్‌గా మార్చి పోల్చారు. నడిచిన ఆదేశాలు సగటున 47 శాతం తగ్గాయి, కోడ్ పరిమాణం 25 శాతం పెరిగింది. పెంటియం 4 మీద సాధారణ పద్ధతిలో నడిపే ఇంటర్‌ప్రెటర్‌కు సమయం 32.3 శాతం మేర తగ్గింది. తగ్గిన ఆదేశాల్లో ఎక్కువ భాగం చలరాశులకు, స్టాక్‌కు మధ్య విలువలను అటూ ఇటూ మోసేవే కావడం మన తొమ్మిది పదాల లెక్కకు పెద్ద ఎత్తున కనిపించే రూపం. కానీ ఇవి ఇంటర్‌ప్రెటర్ కొలతలు. యంత్రభాషలోకి మార్చే కంపైలర్ స్టాక్‌ను మొదట్లోనే కరిగించేస్తుంది. అక్కడ ఈ తేడా అలాగే మిగులుతుందని అనుకోలేం. మూర్ దారి ఇంకోటి: స్టాక్‌నే సిలికాన్‌లో కట్టడం. ఆయన రూపొందించిన గ్రీన్‌అరేస్ చిప్‌లో 144 చిన్న కంప్యూటర్లున్నాయి. ఒక్కోదాని డేటా స్టాక్‌లో పదే స్థానాలు. అంతకన్నా లోతు కావాల్సి వస్తే కోడ్‌ను సరిగా విడదీయలేదనే ఆయన దృష్టి.

కొత్తగా భాష కడితే

ఈ ఆధారాలన్నిటినీ పక్కపక్కన పెడితే, ఈనాడు కాంకాటినేటివ్ భాషను కొత్తగా రూపొందించేవారికి స్టాక్ ఎఫెక్ట్ తనిఖీ మొదటి రోజు నుంచీ ఉండాలని గట్టిగా అనగలను. ?డప్ లాంటి పదాలకు అందులో చోటు ఉండకూడదు. రిటర్న్ స్టాక్‌ను ప్రోగ్రామర్ చేతికి ఇవ్వకుండా డిప్ కుటుంబాన్ని ఇవ్వాలన్నది కూడా దాదాపు అంతే గట్టిగా చెప్పగలను; కొద్ది బైట్ల మెమరీలో ఇమడాల్సిన భాష అయితే తప్ప. స్థానిక పేర్ల విషయంలో నా మొగ్గు ఉంచాలనే వైపు. 38,088లో 310 అన్న నిష్పత్తి వాటిని తీసేయమని చెప్పడం లేదు. ఉంచితే భాష పాడైపోతుందన్న భయం అక్కర్లేదని చెబుతోంది.

వీటికన్నా ముందు కొలవాల్సింది ఇన్‌పుట్ వరస. సీ, బీ, ఏ, ఎక్స్ అని మార్చగానే అయిదు సర్దుబాట్లు మూడయ్యాయి. ఏ పదానికి ఏ వరస తక్కువ సర్దుబాటుతో సరిపోతుందో, దాన్ని పిలిచే చోట్లన్నిటినీ కలిపి చూసి చెప్పే సాధనం రాయడం కంపైలర్‌కు పెద్ద పని కాదు. స్టాక్ ఎఫెక్ట్‌లు ఇప్పటికే దాని చేతిలో ఉన్నాయి. ఫ్యాక్టర్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. ఆ 310 నిర్వచనాలను వరస మార్చి పేర్లు లేకుండా తిరగరాస్తే ఎన్నింటిలో సర్దుబాటు పదాలు రెండుకు లోపు నిలుస్తాయన్నది ఎవరైనా చేసి చూడగల ప్రయోగం.